చియారి ఆపరేషన్ తర్వాత మెడ ఎందుకంత పట్టేస్తుంది

చియారి అనే జబ్బుకి పుర్రె అడుగున ఇరుకు తీసే డీకంప్రెషన్ ఆపరేషన్ అయి ఇంటికొచ్చినవాళ్లు రెండో వారంలో దాదాపు ఒకటే అడుగుతారు: "తలనొప్పికని ఆపరేషన్ చేయించుకుంటే, ఇప్పుడీ మెడనొప్పి ఏంటి?" ఆపరేషన్ ఫెయిలైందేమోనని లోపల భయం. చాలామందిలో అది ఫెయిలవడం కాదు. లోపల ఏం చేశారో తెలిస్తే సగం భయం అక్కడే తీరుతుంది.

ఈ జబ్బులో చిన్నమెదడు అడుగు కొసలు, పుర్రె కింద వెన్నుపాము దిగే రంధ్రంలోకి జారి ఇరుక్కుంటాయి. పెద్దవాళ్లలో మామూలుగా 5 మి.మీ. పైన దిగితే చియారి అంటారు. ఆ ఇరుకు తీయడానికి తల వెనక అడుగున సుమారు 3 సెం.మీ. వెడల్పున ఎముక తీసేస్తారు. మొదటి మెడపూస వెనక వంపు కూడా సాధారణంగా తీస్తారు. చాలాసార్లు మెదడును కప్పే డ్యూరా అనే పొరను తెరిచి అతుకు వేసి వదులు చేస్తారు. అయితే ఆ ఎముక దాకా వెళ్లాలంటే, తలను నిలబెట్టే కండరాలను ఎముక మీంచి ఊడదీసి పక్కకు లాగక తప్పదు. కుట్టేటప్పుడు మళ్లీ దగ్గరికి చేరుస్తారు కానీ, అవి అతుక్కుని బలం పుంజుకోవడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. తల బరువేమో నాలుగున్నర, ఐదు కిలోలు. దాన్ని రోజంతా మోయాల్సింది ఆ దెబ్బతిన్న కండరాలే. పొద్దున్న బాగున్న మనిషికి సాయంత్రానికి మెడ బిగుసుకుపోయి, నొప్పి నడినెత్తి మీదుగా కళ్ల వెనక దాకా పాకేది అందుకే.

మొదటి మూడు నాలుగు రోజుల నొప్పికి ఆసుపత్రిలో మందు బాగానే అందుతుంది. చిక్కంతా ఇంటికొచ్చాకే. వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ ఇచ్చి ఉంటే అదే సమయంలో డోసు తగ్గిస్తూ వస్తారు, బలమైన నొప్పి మందులు ఆపేస్తారు, ఇటు మనిషి లేచి తిరగడం మొదలుపెడతాడు. మూడూ ఒకేసారి. నొప్పి మళ్లీ ఎగదన్నడంలో వింత లేదు. డెక్సా మాత్రలు మాత్రం సొంతంగా మానేయకూడదు, చీటీలో రాసిన మెట్ల ప్రకారమే తగ్గించాలి. షుగర్ ఉన్నవాళ్లు అది వాడినన్నాళ్లూ రోజూ చూసుకోవాలి.

మాత్రలు నొప్పి ముదిరాక కాదు, గంట చూసుకుని వేసుకోవాలి. ఇక్కడే ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ట్రామడాల్ అనే నొప్పి మందు పేరుతో ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో 325 మి.గ్రా. పారాసెటమాల్ కలిసే ఉంటుంది. రోజుకి అవి నాలుగు, వాటితోపాటు పారాసెటమాల్ 650 మాత్రలు నాలుగు వేసుకుంటే 3,900 మి.గ్రా. అయింది. పెద్దవాళ్లకి గరిష్ఠ హద్దు 4,000. మధ్యలో ఎవరో పారాసెటమాల్ కలిసిన జలుబు మాత్ర ఇస్తే హద్దు దాటినట్టే. లివర్ జబ్బున్నవాళ్లకి, బక్కపలచగా ఉన్నవాళ్లకి హద్దు ఇంకా తక్కువ. అందుకే మాత్ర పేరు కాదు, అట్ట వెనక ఉన్న మందు పేరు చదవాలి. నెలలు గడిచాక కూడా నెలలో ఉత్త పారాసెటమాల్ 15 రోజులు, ట్రామడాల్ కలిసినవి 10 రోజులు దాటి వేసుకుంటుంటే, ఆ మాత్రలే కొత్త తలనొప్పి తేవచ్చు.

ట్రామడాల్ మలబద్ధకం చేస్తుంది. ముక్కితే తలలో ఒత్తిడి పెరుగుతుంది, అతుకు వేసిన చోట అది అస్సలు మంచిది కాదు. రెండు రోజులు చూద్దామని ఆగకుండా, నొప్పి మందు మొదలైన రోజు నుంచే విరేచనం సాఫీగా చేసే లాక్టులోజ్ లాంటిది డాక్టర్‌ని అడగండి. కొన్ని వారాలు వెస్టర్న్ కమోడ్ తప్పనిసరి. పథ్యమంటూ, చీము పడుతుందని పప్పు, గుడ్డు, పెరుగు ఆపేయడం నాకు అస్సలు మింగుడుపడని అలవాటు. గాయం మానడానికి కావలసిందే ఆ మాంసకృత్తులు.

మంచం మీంచి లేపేటప్పుడు ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ రెండు చేతులూ పట్టుకుని లాగుతారు. తల వెనక్కి వేలాడుతుంది, కుట్ల దగ్గర కలుక్కుమంటుంది. అలా కాదు. భుజం, నడుం, మోకాళ్లు ఒకేసారి తిరిగేలా పక్కకి ఒత్తిగిలాలి. కాళ్లు మంచం కిందికి దించుతూ, కింది మోచేయి, పై అరచెయ్యి పరుపుకి నొక్కి లేవాలి. లేచాక ఒక నిమిషం అంచునే కూర్చోవాలి. దిండు మెడ వంపును నింపాలి, గడ్డాన్ని ఛాతీ మీదికి తోయకూడదు. ఐస్ పెట్టాలంటే పొడి తువ్వాల్లో చుట్టి, కుట్ల మీద కాకుండా భుజాల పైకండ మీద 15 నిమిషాలు చాలు. తల వెనక చర్మం మొద్దుబారి ఉంటుంది కాబట్టి వేడి కాపడం వద్దు, కాలినా తెలియదు.

బరువుల విషయంలో చాలా ఆసుపత్రులు మొదటి వారాలకు చెప్పే హద్దు రెండు నుంచి నాలుగున్నర కిలోలు. నిండు బకెట్ నీళ్లు 15 కిలోల పైమాటే, ఏడాది పిల్లాడు కూడా ఆ హద్దు దాటినవాడే. నడక మాత్రం మొదటి నుంచీ ఉండాలి: ఐదు నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదు సార్లు, ఓపికను బట్టి ఒక్కో నిమిషం పెంచుకుంటూ. ఒంట్లో బాగున్న రోజే ప్రమాదం. ఆ రోజు ఇల్లంతా సర్దేసి తర్వాత రెండు రోజులు మంచం పట్టేవాళ్లే ఎక్కువ. ఇంకా చేయగలననిపించినప్పుడే ఆపేయాలి. మెడ వ్యాయామాలు సర్జన్ సరేనన్నాకే. సెలూన్‌లో తల మసాజ్ చేసి మెడ పటుక్కుమనిపిస్తారే, అది ఇక జన్మలో వద్దు. మొదటి పూస వంపు తీసేసిన మెడ అది.

ఇవి కనిపిస్తే పొద్దున చూద్దామనుకోకండి: కుట్లలోంచి నీళ్లలాంటి ద్రవం కారడం, మెడ వెనక ఉబ్బు పెరుగుతూ బిగుసుకోవడం, 100.4 డిగ్రీల జ్వరం, కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి, ఆగని వాంతులు, మత్తుగా ఉండడం, మింగలేకపోవడం, చేతుల్లో కొత్తగా బలం తగ్గడం. జ్వరంతో మెడ బిగుసుకుంటే అది ఇన్ఫెక్షనా, అతుకు వల్ల వచ్చిన వాపా అన్నది ఇంట్లో తేలేది కాదు, వెన్నునీరు పరీక్ష చేయాల్సిందే.

దగ్గినప్పుడు తల పగిలిపోయేలా వచ్చే నొప్పి చాలామందికి త్వరగానే తగ్గుతుంది. వెన్నుపాములో నీటి సంచి, అంటే సిరింక్స్ ఉన్నవాళ్ల చేతుల తిమ్మిరి అలా కాదు. ఆ సంచి కుంగడానికే నెలలు పడుతుంది, అందుకే ఎంఆర్‌ఐ సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలకు తీస్తారు. సంచి కుంగినా తిమ్మిరి కొంత మిగిలిపోవచ్చు. వీళ్లలో చాలామందికి తాకితే తెలుస్తుంది కానీ వేడి తెలియదు. పొగలు కక్కే టీ ఉన్న స్టీల్ గ్లాసు హాయిగా పట్టుకుంటారు, బొబ్బ మర్నాడు కనబడుతుంది. పొయ్యి దగ్గర పట్టకారు, గుడ్డ లేనిదే గిన్నె ముట్టకూడదు. స్నానం నీళ్ల వేడి ఇంకొకరు చూడాలి. రాత్రి పడుకునే ముందు లైటు కింద రెండు చేతుల వేళ్లూ తిప్పి చూసుకోవాలి.