నాలుగూ యాభై బండి: పుస్తకం అయింది, సినిమా అయింది

ఈసారి తీసుకున్న జోడీ అగాథా క్రిస్టీ 1957లో రాసిన ‘4.50 ఫ్రమ్ పాడింగ్టన్’, దాని ఆధారంగా జార్జ్ పొలాక్ తీసిన 1961 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా ‘మర్డర్ షీ సెడ్’. నా పద్ధతి మామూలే. ముందు పుస్తకం, తర్వాత సినిమా, ఆ తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకుని నోట్సు. హంతకుడెవరో ఇక్కడ రాయను. చదవనివాళ్లు కూడా ధైర్యంగా ముందుకెళ్లొచ్చు.

పుస్తకం, మొదటి విడత

ఎల్‌స్పెత్ మెక్‌గిలికడీ అనే పెద్దావిడ లండన్‌లో క్రిస్మస్ షాపింగ్ ముగించుకుని, స్నేహితురాలు మిస్ మార్పుల్ (క్రిస్టీ కథల్లో నేరాల చిక్కులు విప్పే పెద్దావిడ) ఊరికి బయల్దేరుతుంది. దారిలో పక్క లైన్లో ఇంకో రైలు, ఇటువైపే వెళ్తూ వీళ్ల బండితో సమానంగా వస్తుంది. విజయవాడ దగ్గర ఇలా రెండు బళ్లు జతగా నడిచినప్పుడు అవతలి కిటికీల్లోకి చూసినవాళ్లకి ఆ అనుభవం తెలుసు: ఎవరో అన్నం తింటుంటారు, ఎవరో పిల్లాణ్ని జోకొడుతుంటారు, అంతలో ఆ బండి ముందుకెళ్లిపోతుంది. ఇక్కడ అవతలి పెట్టెలో కిటికీ తెర టక్కున పైకి లేస్తుంది. వీపు ఇటు తిప్పి నిలబడ్డ ఒక మగవాడు, అతని చేతుల మధ్య ఒక ఆడమనిషి గొంతు. ఆ బండి వేగం అందుకుని వెళ్లిపోతుంది.

టికెట్ కలెక్టర్‌కి చెబితే, అతని చూపు ఆవిడ దగ్గరున్న పత్రిక మీద పడుతుంది. దాని మీద కూడా గొంతు నులుముతున్న బొమ్మే! ఇంకెవరు నమ్ముతారు? పోలీసులు వెతికితే శవం దొరకదు. నమ్మింది మిస్ మార్పుల్ ఒక్కతే. నా దృష్టిలో పుస్తకం మొత్తానికి గుండెకాయ ఇదే. ‘నా స్నేహితురాలు చూశానంటే చూసినట్టే’ అన్న నమ్మకంతోనే కథ కదులుతుంది.

పుస్తకం, రెండో విడత: పటం

ఇక్కడ తప్పకుండా పెన్సిల్ పట్టుకోవాలి. మార్పుల్ తను కూడా అదే బండెక్కి దారి చూసుకుంటుంది, మ్యాపులు ముందేసుకుంటుంది. శవం రైల్లో లేదు, పట్టాల పక్కనా లేదు. అంటే బండి నెమ్మదించే చోట బయటికి తోసేసి ఉండాలి, తర్వాత ఎవరో వచ్చి తీసుకెళ్లి ఉండాలి. నేను నోట్‌బుక్‌లో ఒక పేజీ అడ్డంగా తిప్పి రైలు మార్గం గీశాను, దానికో పెద్ద వంపు, వంపు దగ్గర కట్ట, కట్ట కింద రూథర్‌ఫర్డ్ హాల్ అనే పాత బంగళా తోట. చుట్టూ ఊరు పెరిగిపోయి, ఒకవైపు రైలు కట్ట, మధ్యలో ఆ ఎస్టేటు ఒక్కటే మిగిలింది. గీసి చూస్తే వేరే చోటే లేదనిపిస్తుంది. ఊరి భూగోళం తెలిసినవాడే నేరస్థుడన్న సంగతి ఇంత పకడ్బందీగా అల్లిన కథలు తక్కువ.

ఆ పేజీ వెనక వంశవృక్షం వేసుకోండి. బంగళా సొంతదారులైన క్రాకెన్‌థార్ప్ కుటుంబంలో అన్నదమ్ములు ఎక్కువ, మొదట్లో పేర్లు కలిసిపోతాయి. బిస్కెట్ల వ్యాపారంలో డబ్బు గడించిన తాతగారి వీలునామా ప్రకారం, ఆయన కొడుకు, ముసలాయన లూథర్ పోయాక ఆస్తి అప్పటికి బతికున్న వారసులకి చెందుతుంది. ఒకరు తగ్గితే మిగతావాళ్ల వాటా పెరుగుతుంది. ప్రతి పేరు పక్కన ‘వాటా’ అని ఒక గడి పెట్టుకుంటే చాలు, చివరిదాకా పనికొస్తుంది.

శనివారం రాత్రి, సినిమా

గంటన్నర కూడా లేదు. చూసే ముందు మూడు పనులు చేయండి. టీవీలో చలనాన్ని నునుపు చేసే సెట్టింగ్ ఆపేయండి, లేకపోతే పాత సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది. బొమ్మని తెర నిండా సాగదీయకండి, పక్కన నల్లటి పట్టీలు ఉంటే ఉండనివ్వండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, మార్పుల్‌గా వేసిన మార్గరెట్ రూథర్‌ఫర్డ్ గొణిగే మాటల్లోనే సగం సరదా ఉంది.

సినిమాలో మెక్‌గిలికడీ లేదు! హత్యని చూసేది మిస్ మార్పులే. పుస్తకంలో ఆ బంగళాలో పనికి చేరి తోట గాలించేది లూసీ ఐల్స్‌బరో అనే తెలివైన అమ్మాయి, ఆవిడా లేదు. ముగ్గురి పనీ ఒక్క మార్పుల్ నెత్తిన పడింది. రైల్వే కూలీ వేషం వేసుకుని పట్టాల వెంట వెతకడం, పనిమనిషిగా చేరడం, గోల్ఫ్ ప్రాక్టీసు వంకతో తోట తిరగడం అన్నీ ఆవిడే. గోల్ఫ్ ఎత్తు పుస్తకంలో లూసీది. సన్నగా, మెత్తగా మాట్లాడే క్రిస్టీ మార్పుల్‌కి, గడ్డం పైకెత్తి దూసుకుపోయే ఈవిడకీ పోలికే లేదు.

స్నేహితురాలి నమ్మకం పోవడం నాకు నిజంగా లోటే. అది తీసేశాక కథ ‘నన్ను నమ్మరా, నేనే తేలుస్తా’ అనే పట్టుదలగా మారింది. కానీ ఆ పట్టుదలని రూథర్‌ఫర్డ్ ఎంత నిండుగా మోసిందో! చిరాకు లూథర్‌గారితో (సినిమాలో ఇంటిపేరు ఏకెన్‌థార్ప్) ఆవిడ మాటకి మాట అప్పజెప్పే సీన్లు నేను వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. సాయం చేసే లైబ్రేరియన్ స్ట్రింగర్ పుస్తకంలో లేని పాత్ర, వేసింది ఆవిడ నిజ జీవిత భర్త స్ట్రింగర్ డేవిస్. భయపడుతూనే ఆవిడ వెంట వెళ్లే ఆ మనిషిని చూస్తే, స్నేహం కాస్త ఈ దారిన తిరిగొచ్చిందనిపించింది.

పుస్తకంలో బంగళా పేరు రూథర్‌ఫర్డ్ హాల్ కదా, నాలుగేళ్ల తర్వాత సినిమాకి నటి రూథర్‌ఫర్డ్ దొరికింది. ఇంకా బాగున్నది పనావిడ మిసెస్ కిడర్. ఆ మొహాన్ని బాగా చూసుకోండి. ఆవిడ జోన్ హిక్సన్. 1984 నుంచి 1992 దాకా బీబీసీలో పన్నెండు మార్పుల్ నవలల్లోనూ మార్పుల్‌గా వేసింది ఆవిడే. అంటే ఈ వంటింట్లో ఇద్దరు మిస్ మార్పుల్‌లు ఎదురెదురుగా నిలబడ్డారు. పాజ్ చేసి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

తర్వాత

ఇదే నవల 1987లో బీబీసీకి హిక్సన్‌తో వచ్చింది, అందులో మెక్‌గిలికడీ, లూసీ ఇద్దరూ ఉన్నారు. వచ్చే శనివారం అది. నా రైలు పటం పక్కనే పెట్టుకుని చూస్తాను. ఆ తర్వాత మార్పుల్‌గా రూథర్‌ఫర్డ్ రెండో సినిమా, 1963 నాటి ‘మర్డర్ ఎట్ ది గ్యాలప్’. దాని మూలం 1953 నవల ‘ఆఫ్టర్ ది ఫ్యూనరల్’, అసలు అది క్రిస్టీ మరో డిటెక్టివ్ పొయిరో కథ. పొయిరో చేసిన పనిలో మార్పుల్‌కి ఏవి అప్పగించారో రాసుకోవడానికి నోట్‌బుక్‌లో రెండు కాలమ్స్ గీసి ఉంచాను. పుస్తకం రేపు మొదలుపెడుతున్నా.