డెంగీ సూది ఎప్పుడొస్తది?

ఆగస్టు వచ్చిందంటే పరకాలలో మా మెడికల్ షాపు ముందు ప్లేట్‌లెట్ల ముచ్చటే. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా ఆ మాట తడబడకుండా అంటుంది. "మా పిల్లగానికి నలభై వేలకు పడ్డయట బిడ్డా, జెర చూడు" అని ఫోన్ చేతికిస్తారు. అందులో ల్యాబ్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన రిపోర్టు, డెంగీ పరీక్ష ఎన్ఎస్1 పాజిటివ్. బొప్పాయి ఆకు మాత్రలు ఆ రెండు నెలల్లో పోయినన్ని మిగతా ఏడాదంతా కలిపినా పోవు. బయట బండి మీద కివీ పండ్ల ధర కూడా సరిగ్గా అప్పుడే పెరుగుతుంది, అది వేరే కథ.

కరోనా తర్వాత ఒక ప్రశ్న కొత్తగా మొదలైంది. "దానికి ఏడాది తిరగకముందే సూది తెచ్చిండ్రు గదా, డెంగీకి ఎందుకు తెస్తలేరు?"

గిరాకీ మధ్యలో చెప్పగలిగినంత చెప్తాను. డెంగీ వైరస్ ఒకటి కాదు, నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గితే మళ్లీ అదే రకం రాదు గానీ, తర్వాత ఇంకో రకం సోకినప్పుడు మొదటిసారి రోగంతో పోరాడటానికి ఒంట్లో తయారైన పాత యాంటీబాడీలే ఒక్కోసారి రోగాన్ని ముదరబెడతాయి. కాబట్టి టీకా నాలుగింటి మీదా గట్టిగా పనిచేయాలి. ఫిలిప్పీన్స్‌లో దెబ్బతిన్నది ఇక్కడే. 2016లో అక్కడ బడి పిల్లలకు డెంగ్‌వాక్సియా అనే డెంగీ టీకా వేయడం మొదలుపెట్టి ఎనిమిది లక్షల మందికి పైగా వేశారు. 2017 నవంబర్‌లో దాన్ని తయారుచేసిన కంపెనీయే బయటికొచ్చి, అంతకుముందు డెంగీ రానివాళ్లకు ఈ టీకా వేశాక డెంగీ సోకితే తీవ్రమయ్యే ప్రమాదం ఉందని చెప్పింది. జనం భగ్గుమన్నారు. టీకాలు ముఖ్యమని గట్టిగా ఒప్పుకునేవాళ్లు 2015 సర్వేలో 93 శాతం ఉంటే, 2018లో 32 శాతానికి పడిపోయారు. ఒక్క డెంగీ టీకా మీదనే కాదు, అన్నిటి మీదా నమ్మకం పోయింది.

మన దేశంలో కూడా పని నడుస్తోంది. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, టీకాల కంపెనీ పనాసియా బయోటెక్ కలిసి 2024 ఆగస్టులో ఒకే డోసు టీకాకు మూడో దశ పరీక్ష మొదలుపెట్టాయి. 10,335 మంది పెద్దవాళ్ల మీద అనుకున్నారు, ఒక్కొక్కరినీ రెండేళ్లు గమనించాలి. జపాన్ కంపెనీ టకేడా టీకాను తయారుచేయడానికి మన హైదరాబాద్ బయోలాజికల్ ఇ కూడా 2024లోనే ఒప్పందం చేసుకుంది. అది రెండు డోసులది, మధ్యలో మూడు నెలలు ఆగాలి. మా షాపు ఫ్రిజ్‌లోకైతే ఏదీ రాలేదు.

"వస్తే ఏసుకుంటవా పెద్దమ్మా?" అని నేను తిరిగి అడిగితే అందరూ తల ఊపుతారు. ఆ ఊపుడును నేను లెక్కలోకి తీసుకోను. అసలు మాటలు ఆ తర్వాత వస్తాయి. ఫిరీనా, పైసలా? ఎన్నేండ్లు ఆగుతది? పోయినేడు డెంగీ వచ్చిపోయింది, మళ్లీ అవసరమా? ఒకామె, పత్తి ఏరే కూలికి పోయేది, ఇంకా సూటిగా అడిగింది: "సూది ఏసినంక రెండు రోజులు జ్వరమొస్తే నా కూలి ఎవరిస్తరు?" పోయినేడు వచ్చిపోయిందన్నాయన అడిగింది కూడా చిన్న ప్రశ్నేం కాదు. ఫిలిప్పీన్స్ గొడవంతా డెంగీ ముందే వచ్చిందా రాలేదా అన్న దాని మీదే గదా. మన జనానికి అవగాహన లేదని మీటింగుల్లో తేలిగ్గా అనేస్తారు. నాకు మాత్రం వీళ్లు అడగాల్సినవే అడుగుతున్నారనిపిస్తుంది.

విచిత్రం ఇంకొకటుంది. రాని టీకా గురించి ఇంతమంది అడుగుతారు, ఉన్న టీకా గురించి అడిగినవాళ్లు లేరు. దోమ తెచ్చే మెదడువాపు జ్వరానికి, అదే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (జేఈ)కు, అది ఎక్కువగా వచ్చే జిల్లాల్లో సర్కారే ఫిరీగా సూది వేస్తోంది. తొమ్మిది నెలలు నిండాక ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండోది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ కోలార్‌లో దొరికిన వైరస్ నుంచి చేసిన జెన్‌వ్యాక్ 2013లోనే వచ్చింది. అయినా పిల్లకు ఏం సూదులు పడ్డాయని అడిగితే "తొమ్మిదో నెల సూది" అంటారు, అంతవరకే. తట్టు టీకాతో పాటు అదే పూట పడుతుంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు.

మా వైపు పెద్దవాళ్లకు మెదడువాపు అంటే 2003 వానకాలం గుర్తు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు వస్తే 183 మంది పోయారు, కరీంనగర్, వరంగల్ జిల్లాల పిల్లలు కూడా అందులో ఉన్నారు. దానికి కారణం చాందీపురా వైరస్ అని తేలింది. అది దోమతో కాదు, ఇసుక ఈగతో వచ్చేది. జేఈ సూది దాన్ని ఆపదు. "మెదడువాపుకు టీకాలు ఏం పనిచెయ్యవు" అనే మాట మా దగ్గర ఇప్పటికీ తిరుగుతుంటే, ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పకపోవడమే కారణమని నా అనుమానం.

జపనీస్ రకం మెదడువాపును మోసే దోమ వరి మడిలో పుడుతుంది, పొద్దుగూకాక కుడుతుంది. వైరస్ పెరిగేది పందుల్లో, కొంగల్లో. మనిషి నుంచి మనిషికి పాకదు. దీనితో ఒక చిక్కుంది. తట్టు లాంటి వాటికి ఊళ్లో చాలామంది వేయించుకుంటే వేయించుకోని పిల్లకు కూడా కొంత కాపుదల ఉంటుంది. దీనికి ఆ సౌకర్యం లేదు. పక్కింటి పిల్లలందరికీ సూది పడ్డా మన పొలంలో కొంగ కొంగే, దోమ దోమే. సోకినవాళ్లలో చాలామందికి ఏమీ కాదు, నిజమే. మెదడు దాకా పోతే మాత్రం పదిమందిలో ముగ్గురి దాకా చనిపోవచ్చు, బతికినవాళ్లలో కూడా చాలామందికి ఫిట్సో, చెయ్యి కాలు పడిపోవడమో, మాట పోవడమో మిగిలిపోతుంది.

మొన్న ఒకావిడ మనవరాలికి జలుబు మందు కోసం వచ్చి సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన తల్లీబిడ్డ కార్డు తీసింది. పిల్లకు ఇరవై నెలలు. మొదటి జేఈ దగ్గర తేదీ ఉంది, రెండో గడి ఖాళీ.

"పోయిన నెల పోయినమమ్మా, జలుబున్నదని మేమే తిరిగొచ్చినం. అటెన్క పత్తి పనులు పడ్డయి."

"ఉత్త జలుబుకు ఆపరు పెద్దమ్మా. జ్వరం గట్టిగుంటేనే ఆగమంటరు. ఎందుకైనా మంచిది, ఏఎన్ఎమ్మకు ఒక మాట చెప్పు."

"ఏమన్న అడిగితే కసురుకుంటది తల్లీ. ఏపిచ్చుకోవాలె అంతే అంటది."

డెంగీ టీకా వచ్చిన రోజు నా భయం ఈ మాట గురించే. పత్తి కూలామె అడిగినదానికి, పోయినేడు డెంగీ వచ్చినాయన అడిగినదానికి "అంతే" అంటే సరిపోదు. సబ్ సెంటర్ గోడకు ఇంకో పోస్టర్ అంటించినా సరిపోదు. కూలి పోని రోజు చూసి, సాయంత్రం పూట ఊళ్లోకే వచ్చి, జ్వరం రావచ్చు రాకపోవచ్చు అని ముందే చెప్పి, వస్తే ఏ మాత్ర ఎంత వేసుకోవాలో చేతిలో పెట్టి వేస్తే వేసుకుంటారు.

ఆవిడకు జలుబు మందుతో పాటు కార్డులో ఆ ఖాళీ గడి చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఇచ్చాను. సూది బుధవారం, శనివారం వేస్తారు. శనివారం సంత ఉంది, బుధవారమే పోతానంది.