గెత్సేమనే నుంచి ఐదో స్థలం దాకా

యెరూషలేములో ఒలీవల కొండ మీది నుంచి, యేసు ప్రభువు పట్టుబడిన రాత్రి ప్రార్థించిన గెత్సేమనే తోటకు దిగే దారి చిన్నదే గానీ వాలు ఎక్కువ. నడిచి నడిచి రాళ్లు నున్నబడిపోయాయి. కాస్త చినుకు పడితే తోలు అడుగున్న చెప్పులు జారతాయి. రబ్బరు అడుగు, మడమకు పట్టీ ఉన్నవి వేసుకోవాలి. తోట తెరిచే వేళకే చేరుకున్నాం. ఆలస్యమైతే బస్సుల మీద బస్సులు దిగుతాయి, నిలబడేందుకు చోటుండదు.

గెత్సేమనే అంటే నూనె గానుగ. తోటలో ముసలి ఒలీవ చెట్లు ఎనిమిది ఉన్నాయి. వాటిలో మూడింటి కాండాలను పరీక్షిస్తే పన్నెండో శతాబ్ది దగ్గరవని తేలింది. ప్రభువు చూసిన చెట్లివేనని ఎవరైనా చెబితే తలూపి ఊరుకోవడమే.

పక్కనే 1924లో పూర్తయిన గుడి. శిల్పి ఆంటోనియో బర్లుజ్జి కావాలనే లోపల చీకటిగా ఉంచాడు. కిటికీలకు ఊదారంగు పలకలు బిగించాడు. బయటి ఎండలోంచి వెళ్తే కాసేపు ఏమీ కనపడదు. మెట్టు తప్పేది అప్పుడే, గుమ్మం దగ్గరే ఆగి కళ్లు సర్దుకోనివ్వాలి. బలిపీఠం ముందు నేలలోంచి పైకి తేలిన బండ ఉంది, ప్రభువు ప్రార్థించింది దాని మీదేనని సంప్రదాయం, చుట్టూ ముళ్లకిరీటంలా అల్లిన ఇనుప కంచె. లోపల మౌనం పాటించాలి కాబట్టి మత్తయి 26వ అధ్యాయం 36 నుంచి 46 దాకా తోటలోనే చదువుకొని వెళ్లాం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటొకటుంది. ‘నీ చిత్తప్రకారమే’ అన్నది గుర్తుపెట్టుకుంటారు, దానికి ముందున్న ‘ఈ గిన్నె తొలగిపోనిమ్ము’ అన్నది దాటేస్తారు. శవం ఇంకా ఇంట్లో ఉండగానే ‘అంతా దేవుని చిత్తం’ అనేవాళ్లకు ఈ వరస తెలియాలి. ప్రభువు మొదట తప్పించమని అడిగాడు. అదే ప్రార్థన మూడుసార్లు చేశాడు. అంతలో శిష్యులు నిద్రపోయారు. దుఃఖం చేత నిద్రపోయారని లూకా రాశాడు. కష్టంలో ప్రార్థన రాక ముసుగుతన్ని పడుకునే మనిషిని తిట్టేముందు ఆ ఒక్క మాట చూసుకోవడం మంచిది.

కెద్రోను లోయ దాటి సీయోను కొండ వాలున ఉన్న ‘కోడి కూసిన’ పేతురు గుడికి ఎక్కాం. ప్రభువును విచారించిన ప్రధాన యాజకుడు కయప ఇల్లు ఇక్కడే ఉండేదని, కోడి కూయకముందు పేతురు ఆయన్ని ఎరుగనన్నదీ ఇక్కడేనని సంప్రదాయం. పండితులందరూ ఒప్పుకోరు. గుడి అడుగున రాతిలో తొలిచిన గొయ్యి ఉంది, ఆ రాత్రి ప్రభువును ఇందులోనే ఉంచారంటారు. ఇప్పుడు మెట్లున్నాయి గానీ, పైకప్పులోని కంత చూస్తే పాతకాలంలో మనిషిని ఎలా దించేవారో అర్థమవుతుంది. కింద ఒక పీట మీద 88వ కీర్తన ఎన్నో భాషల్లో పెట్టి ఉంది. పద్దెనిమిది వచనాలు, నిదానంగా చదివితే మూడు నిమిషాలు. 13వ కీర్తనలాంటి విలాపాలు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. చదవడం అయ్యీ కాకముందే ఎవరో ఒకరు స్తుతి పాట ఎత్తుకుంటారు. ఎత్తుకోనివ్వకూడదు. రెండు నిమిషాలు అలాగే నిలబడితే గోడల చెమ్మ వాసన తెలుస్తుంది. ఆ కీర్తనను బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదన్న సంగతి కూడా అప్పుడే తడుతుంది.

శుక్రవారం సిలువ మార్గం, అంటే ప్రభువు సిలువ మోసుకెళ్లాడనే దారిలో ఒక్కో స్థలం దగ్గర ఆగి ప్రార్థిస్తూ నడవడం. ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన కతోలిక గురువులు శీతకాలంలో మధ్యాహ్నం మూడింటికి, వేసవి వేళల్లో నాలుగింటికి బయల్దేరతారు. పద్నాలుగు స్థలాలు, అందులో చివరి ఐదూ పవిత్ర సమాధి దేవాలయం లోపలే. ఆ స్థలాల్లో మూడింటి దగ్గర ప్రభువు పడిపోయాడంటారు గానీ, మూడుసార్లు పడిపోవడం సువార్తల్లో లేదు. పడి లేచినవాళ్లెవరో చేర్చి ఉంటారని నా ఊహ.

ఆ దారిలో గుంపుగా కొయ్య సిలువ మోసేటప్పుడు కొన్ని చూసుకోవాలి. అడ్డుకొయ్య ఉన్న కొసనే బరువెక్కువ, అందుకని బలమైనవాళ్లు ముందుండాలి. వెనక కొస, అంటే తోక పట్టేవాళ్లు ముందువాళ్ల ఎత్తుకు దగ్గరగా ఉంటే మంచిది. మొదట దారి పల్లానికి దిగుతుంది. తోక పట్టినవాళ్లు తొందరపడితే అడ్డుకొయ్య ముందువాళ్ల మెడలోకి దిగుతుంది. ఐదో స్థలం దగ్గర దారి కుడికి తిరిగి మెట్లు మొదలవుతాయి. అక్కడ తోక పైకెత్తకపోతే ప్రతి మెట్టుకూ కొట్టుకుంటుంది, ఆ దెబ్బ ముందువాళ్ల భుజానికి తగులుతుంది. మనుషులను మార్చాలంటే ఆ మలుపులోనే, మెట్టెక్కకముందే మార్చాలి.

ప్రభువు సిలువను కురేనేవాడైన సీమోను భుజానికెత్తింది ఆ మలుపులోనేనని సంప్రదాయం. అతను తనంతట తాను ముందుకు రాలేదు, పొలం నుంచి వస్తుంటే పట్టుకొని బలవంతపెట్టారు. అయినా ప్రభువు ఆ సాయం వద్దనలేదు. సాయం తీసుకుంటే విశ్వాసం తక్కువనుకొని మందూ మానేసి, ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా మోసేవాళ్లు ఈ మూల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

అక్కడి గోడలో ఒక రాయి ఉంది. ప్రభువు చెయ్యి ఆనించాడంటారు. తాకి తాకి అరచేయి పట్టేంత పల్లం పడింది, అంచులు నున్నగా, కొంచెం జిడ్డుగా ఉంటాయి. వెనక గుంపు వచ్చేసింది. తోక పట్టుకున్నామె ఒక చెయ్యి మాత్రం ఖాళీ చేసుకొని దాన్ని తాకి, మళ్లీ కొయ్య కింద భుజం పెట్టింది.