గోత్రం చెబితే చాలదట

"మీ ముత్తాత తండ్రి పేరేంటి?" అన్నాడు పెద్దాయన, పళ్ళు బిగబట్టి మోకాలు వంచుతూ. తెలీదన్నాను. "ఇంత చదువుకున్నావు, అది తెలీదా!" అన్నాడు. తిట్టలేదు గానీ తిట్టినట్టే తగిలింది.

మసాచుసెట్స్‌లో నేను ఫిజియోథెరపిస్టుని. మోకాళ్ళ ఆపరేషన్లయిన ముసలివాళ్ళ ఇళ్ళకు కారేసుకుని తిరుగుతాను. ఈయనది కేప్‌కాడ్‌లోని బార్న్‌స్టబుల్. డైనింగ్ టేబుల్ నిండా ఫైళ్ళే. అన్నీ జాన్ లోత్రోప్ అనే పాదిరి వంశం గురించి. ఆయన తమకు మూలపురుషుడని పెద్దాయన లెక్క. అధ్యక్షులు గ్రాంట్, ఇద్దరు బుష్‌లు కూడా ఆ వంశం వాళ్ళేనని కాలెత్తినప్పుడల్లా చెప్తాడు. పది సార్లు ఎత్తమంటే ఆరు దగ్గరే ఆగేది అందుకే.

లోత్రోప్ కథ మాత్రం నిజంగా గట్టిది. రాజుగారి చర్చిని కాదని లండన్‌లో చాటుగా ప్రార్థనలు పెట్టినందుకు 1632లో జైల్లో వేశారు. లోపల ఉండగానే భార్య పోయింది. దేశం విడిచి పోవాలన్న షరతు మీద 1634లో వదిలితే, గ్రిఫిన్ అనే ఓడెక్కి బోస్టన్‌లో దిగాడు. ముందు సిచుయేట్‌లో ఉండి, 1639లో తన జనంతో బార్న్‌స్టబుల్‌కి వచ్చాడు. 1644లో కట్టిన ఆయన ఇల్లు ఇప్పుడు స్టర్జిస్ లైబ్రరీలో భాగం. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు ఆయనే రాసిపెట్టుకున్నాడు. ఇక వెతికేవాళ్ళకేం కష్టం?

నన్ను నమిలేస్తున్నది ఒక్కటే. యార్క్‌షైర్‌లోని ఎటన్‌లో ఆయనకు బాప్తిస్మం ఇచ్చిన తేదీ 1584 డిసెంబరు 20 అని చర్చి పుస్తకంలో ఉంది. నేను పుట్టిందెప్పుడంటే మా అమ్మ "పత్తి తీతలప్పుడు" అంటుంది. హెడ్మాస్టరు జూన్ 1 అని రాసేశారు. గ్రీన్‌కార్డు కోసం బర్త్ సర్టిఫికెట్ అడిగితే, రికార్డు లేదని మునిసిపాలిటీ నుంచి ఒక కాగితం, నేను పుట్టడం తెలుసని ఇద్దరు బంధువుల అఫిడవిట్లు తెచ్చుకున్నాను. నాలుగు వందల ఏళ్ళ నాటి మనిషికున్న తేదీ నాకు లేదు.

అలాగని మాకేమీ లేదా? వినుకొండ వైపు మా ఊళ్ళో కోతలయ్యాక పిచ్చుకుంట్ల వాళ్ళొచ్చి, అరుగు మీద కూర్చుని మా వంశం అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్ళు. నాయనమ్మ చేటతో వడ్లు పోసేది. నేను బయట గోళీలాడుకునేవాణ్ణి. వింటే పోయేది కదా, వినలేదు. తద్దినానికి మూడు తరాల పేర్లు చాలు, అవి వచ్చు. ఆ పైన గోత్రం. ఇదంతా ఆయనకు రోషంగా చెప్పాను. "బాగుంది, మరి పేర్లేవి?" అన్నాడు.

మర్నాడు లైబ్రరీకి వెళ్ళి లోత్రోప్ బైబిల్ చూశాను. 1605లో అచ్చయినది. ఓడలో చదువుతూ కునికితే కొవ్వొత్తి మైనం పడి పేజీలు కాలి చిల్లు పడిందట. కాగితం ముక్కలు అతికించి, పోయిన మాటలు గుర్తున్నంత వరకు చేత్తో రాశాడట. మీ వాళ్ళకూ నోటికొచ్చిందే దిక్కయింది చూశారా అని పెద్దాయనతో వాదించాలనుకున్నాను.

కుదరలేదు. వెళ్ళేసరికి ఒక కాగితం చేతిలో పెట్టాడు. నాలుగు తరాల ఖాళీ గడులు గీసి, కింద నా పేరు స్పెల్లింగ్ తప్పు లేకుండా రాశాడు. ఇన్నేళ్ళలో ఇక్కడ ఎవరూ నా పేరు సరిగ్గా రాయలేదు. రాత్రి కూర్చుంటే నాన్న వైపు మూడు గడులు నిండాయి. అమ్మమ్మ వాళ్ళమ్మ పేరు దగ్గర పెన్ను ఆగింది.

బాబాయికి ఫోన్ చేశాను.

"ఎందుకురా, వీసా వాళ్ళు అడిగారా?" అన్నాడు కంగారుగా.