మేజరు బాబు నామినేషన్

2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి సర్పంచ్ పదవికి నామినేషన్ వేశాను. పలాస దగ్గర చిన్న ఊరు మాది. పరిశీలన రోజు అవతలి పక్షం పెద్దమనిషి లేచి, "ఈయన ఇంకా మిలిటరీ ఉద్యోగే. పోటీకి పనికిరాడు" అన్నాడు. నేను సైన్యం నుంచి బయటికొచ్చి అప్పటికే మూడేళ్లు దాటింది. పదేళ్లు సైన్యంలో లాయరుగా పనిచేసి, కాగితం విలువేమిటో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. తీరా నా వంతు వచ్చేసరికి రిలీజ్ ఆర్డరు జిరాక్స్ పట్టుకుని నిలబడ్డాను. అసలుది విశాఖలో, బీరువాలో ఉంది.

ఎన్నికల అధికారి జిరాక్స్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "షార్ట్ సర్వీస్ అంటే ఏంటండీ? లాంగ్ లీవా?" అన్నాడు. అది కొన్నేళ్ల గడువుకే ఇచ్చే ఆఫీసరు ఉద్యోగం. పాపం, ఆయన తప్పేం లేదు. సైన్యంలో లాయర్లుంటారని మా ఊళ్లోనే చాలామందికి తెలీదు.

మా నాన్న ఆర్టిలరీలో హవల్దారు. సెలవులకి వచ్చినప్పుడు సమ్మరీ కోర్టు మార్షల్, అంటే యూనిట్లోనే క్లుప్తంగా జరిగే సైనిక విచారణ, కథలు చెప్పేవాడు. అందులో కమాండింగ్ ఆఫీసరే జడ్జి. ఆయన లెఫ్టినెంట్ కల్నల్ గాని అంతకు పై ర్యాంకు గాని అయితే ఏడాది దాకా జైలు వేయొచ్చు, ఉద్యోగం తీసేయొచ్చు. జవాను తరఫున వాదించేవాడుండడు. 'ఫ్రెండ్ ఆఫ్ ది అక్యూజ్డ్' అని ఒకరు పక్కన నిలబడి చెవిలో సలహా చెప్పొచ్చు గాని, కోర్టుతో మాట్లాడకూడదు. ఆంధ్రా యూనివర్సిటీలో లా చదువుతున్నంతకాలం ఆ 'ఫ్రెండ్' నా బుర్రలోంచి పోలేదు. సైన్యంలో న్యాయ వ్యవహారాలు చూసే జడ్జ్ అడ్వకేట్ జనరల్ శాఖ, అంటే జాగ్, నోటిఫికేషన్ కనబడగానే దరఖాస్తు పెట్టేశాను. వయసు 21 నుంచి 27 మధ్య ఉండాలి, ఎల్‌ఎల్‌బీలో 55 శాతం మార్కులు రావాలి. మా రోజుల్లో రాతపరీక్ష లేదు, నేరుగా ఎస్‌ఎస్‌బీ (సైన్యానికి ఆఫీసర్లను ఎంపికచేసే బోర్డు) ఇంటర్వ్యూకే పిలిచేవారు. ఇప్పుడు క్లాట్ పీజీ, అంటే లా పీజీ ప్రవేశ పరీక్ష, స్కోరు కూడా అడుగుతున్నారు.

బెంగళూరులో 5 రోజులు. మా బ్యాచ్‌లో అందరూ లా చదివినవాళ్లే, ఇక గ్రూప్ డిస్కషన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి! మొదటిరోజు మసకబారిన బొమ్మ ఒకటి 30 సెకన్లు చూపించి కథ రాయమన్నారు. సాయంత్రానికి సగానికి పైగా జనం పెట్టెలు సర్దుకున్నారు. రెండోరోజు తెర మీద 60 మాటలు, ఒక్కోదానికి 15 సెకన్లు. మనసుకు తట్టిన వాక్యం రాసేయాలి. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, అయినా తోసుకుంటూ వచ్చాను. మధ్యలో 'ఫాదర్' అని పడింది. నాన్న పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఖాళీ వదిలేశాను. అదే నా కొంప ముంచుతుందని మిగతా మూడు రోజులూ టెన్షన్. ముంచలేదు. మెడికల్‌లో మాత్రం చెవిలో గులిమి ఉందని టెంపరరీ రిజెక్ట్ అన్నారు. తీయించుకుని మళ్లీ వెళ్లాను.

చెన్నై ఓటీఏలో, అంటే ఆఫీసర్ల శిక్షణ అకాడమీలో, శిక్షణ గురించి చెప్పను, మోకాళ్లకు ఇంకా గుర్తుంది. తర్వాత నాగపూర్ దగ్గర కామఠీలో మిలిటరీ చట్టం చదివించారు.

పెద్ద కేసులు విచారించే జనరల్ కోర్టు మార్షల్‌లో కనీసం 5గురు ఆఫీసర్లు సభ్యులుగా కూర్చుంటారు. జడ్జ్ అడ్వకేట్‌గా నేను పక్కనుండి చట్టం ఏం చెబుతుందో వివరించాలి. ఓటు మాత్రం నాకు లేదు. నా మొదటి కేసులో, వాదనలు ముగిసి తలుపులు మూశాక, ప్రిసైడింగ్ ఆఫీసరుగా కూర్చున్న కల్నల్ అందరికంటే జూనియర్ అయిన కెప్టెన్ వైపు తిరిగి, ముందు నువ్వు చెప్పు అన్నాడు. అక్కడి పద్ధతే అది. అభిప్రాయాలు కింది ర్యాంకు నుంచి పైకి తీసుకుంటారు. కల్నల్ ముందే మాట్లాడేస్తే కెప్టెన్ ఇంకేం చెప్తాడు? ఆ కుర్రాడు గొంతు సవరించుకోవడానికే చాలాసేపు పట్టింది. ఏం చెప్పాడో రాయను. ఎవరు ఏ పక్కన నిలిచారో బయటపెట్టనని ప్రమాణం చేసినవాణ్ని.

పదేళ్లయ్యాక మేజరుగా బయటికొచ్చాను. షార్ట్ సర్వీస్ కాబట్టి పెన్షన్ రాదు. విశాఖలో ప్రాక్టీసు పెట్టాను. వారానికి రెండు రోజులు ఊళ్లో ఉంటూ మాజీ సైనికుల పెన్షన్ కాగితాలు చూసేవాణ్ని. సర్పంచ్‌గా నిలబడమని పట్టుబట్టింది వాళ్లే.

సరే, పరిశీలన దగ్గరికొస్తే, గడువు ముగిసేలోగా అసలు కాగితం తెస్తే చూస్తానన్నాడు అధికారి. ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ వాట్సాప్‌లో ఫోటో పంపింది, చెల్లదన్నారు. చివరికి మా బావమరిది మోటారు సైకిలేసుకుని హైవే మీద బయల్దేరాడు. ఎదురుగా పెద్దమనిషి గంటకోసారి గడియారం చూసి నవ్వుతున్నాడు. బావమరిది ఇంకో పావుగంట ఉందనగా, హెల్మెట్ కూడా తీయకుండా లోపలికొచ్చేశాడు.

గుర్తులు అభ్యర్థుల పేర్ల అక్షరక్రమంలో ఇచ్చారు. నాకు కత్తెర వచ్చింది. పొద్దున 6.30 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా పోలింగ్, సాయంత్రం లెక్కింపు. 41 ఓట్లతో గెలిచాను.

అదే రాత్రి వార్డు సభ్యులు చేతులెత్తి ఉపసర్పంచ్‌ని ఎన్నుకోవాలి. అందరికంటే పెద్దాయన చెయ్యి లేపాడు. మిగతావాళ్లు ముందు ఆయన చేతి వైపు చూశారు, ఆ తర్వాత ఒక్కొక్కరే ఎత్తారు. నాకు ఆ కెప్టెన్ గుర్తొచ్చాడు.

మొదటి సమావేశంలో మంచినీళ్ల విషయం వచ్చింది. అందరిలోకీ చిన్న సభ్యురాలికి 22 ఏళ్లు. "ముందు నువ్వు చెప్పమ్మా" అన్నాను. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆమె భర్త జవాబు చెప్పాడు. "నీళ్లకేం ఇబ్బంది లేదు మేజరు బాబూ."

రెండో సమావేశానికి అతన్ని టీలు తెమ్మని సెంటరుకి పంపాను. మళ్లీ ఆమెనే అడిగాను. పెద్దాయన ఏదో అనబోతే ఆగమని చెయ్యి చూపించాను. ఆమె చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, నేల చూస్తూ మొదలుపెట్టింది. "మా వీధోళ్లం జీడిపప్పు పనికి తెల్లారకుండానే బయల్దేరిపోతాం. వాల్వు తిప్పేది ఏడింటికి. ఇళ్లల్లో ముసలోళ్లే ఉంటారు, బిందెలెవరు మోస్తారు?"

వాల్వు తిప్పే మనిషి అక్కడే ఉన్నాడు. "నన్నెవరూ అడగలేదు బాబూ" అన్నాడు. మర్నాటి నుంచి ఆ వీధికి నాలుగున్నరకే నీళ్లు వదలమని తీర్మానం రాశాం. టీలు వచ్చేసరికి సంతకాలు కూడా అయిపోయాయి.