పోలో ట్రాక్ పనులు: మలుపు దాటగానే దిగిపోతున్న బ్రేక్ పెడల్

నా ఫోక్స్‌వ్యాగన్ పోలో బ్రేక్ పెడల్ మళ్ళీ దిగింది. కొత్త బ్రేక్ ఆయిల్, కొత్త ప్యాడ్లు, స్టీల్ అల్లిక గొట్టాలు, అన్నీ వేశాక కూడా దిగింది. చెన్నై పక్కనున్న ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో సీ1 (మొదటి మలుపు) వేగంగా తిరిగి, ఆ వెంటనే బ్రేక్ తొక్కితే మొదటి తొక్కు సగం వరకు ఉత్తదే. కాలు పైకెత్తి మళ్ళీ తొక్కితే పెడల్ మామూలు చోటే, గట్టిగా తగులుతుంది. నేరుగా వెళ్ళి బ్రేక్ వేసే చోట ఏ తేడా లేదు. వేగమైన మలుపు తర్వాతే ఈ గొడవంతా.

మిగతావన్నీ బాగున్నాయి. టైర్లు చల్లగా 28 పీఎస్ఐ పెట్టి వెళ్తే సెషన్ చివరకు 34 దగ్గర నిలిచాయి. కూలెంట్ 104 డిగ్రీలు దాటలేదు. 1.0 టీఎస్ఐ ఇంజిన్ 110 పీఎస్‌తో, ఆరు గేర్ల మాన్యువల్‌తో ఆ 3.717 కిలోమీటర్ల ట్రాక్‌కు చాలినంత సరదాగానే ఉంది. పోలోను స్పోర్ట్స్ కార్ అంటావా అని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఇంటి ముందు నిలబెట్టుకోగలిగేదీ, అనంతపురం నుంచి కదిరి, మదనపల్లె, చిత్తూరు మీదుగా నడుపుకుంటూ పోయి నడుపుకుంటూ రాగలిగేదీ ఇదొక్కటే నా దగ్గర ఉంది.

ఇక పెడల్ సంగతి.

అందరూ మొదట చెప్పే మాట ఆయిల్ మరిగింది అని. కాదు. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు లైన్‌లోనే ఉంటాయి, పెడల్ మెత్తగా స్పాంజిలా ఉంటుంది, రెండోసారి తొక్కినంత మాత్రాన పూర్తిగా కుదుటపడదు. పిట్‌లో ఆపాక ఇంకా దిగజారుతుంది. నాకు జరుగుతున్నది అది కాదు. పైగా లెక్క కూడా ఒప్పుకోదు. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కి పట్టే భాగం) మీద ఉష్ణోగ్రత స్టిక్కర్లు అంటించి వెళ్ళాను. 204 డిగ్రీల గడి నల్లబడింది, 210 గడి తెల్లగానే ఉంది. వేసింది మోతుల్ ఆర్‌బీఎఫ్ 600. కొత్తగా ఉన్నప్పుడు దాని మరుగు స్థానం 312 డిగ్రీలు. మామూలు డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్‌కు కనీస ప్రమాణం 230, నీరు పీల్చుకున్నాక 155. ఆ పాత ఆయిలే ఉండి ఉంటే నేనూ అనుమానించేవాణ్ణి. ఆర్‌బీఎఫ్ 600 ధర చూస్తే కడుపు మండుతుంది కానీ ట్రాక్‌కు వెళ్ళే కారులో దాని దగ్గర పిసినారితనం వద్దు. మన అనంతపురం గాలిలో తేమ తక్కువ కాబట్టి రెండు సీజన్లు నడుస్తుందని వాదించేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. కారు వెళ్ళేది చెన్నై పక్కకు.

గాలి మిగిలిందేమో అనేది రెండో అనుమానం. ఏబీఎస్ పంపును స్కానర్‌తో తిప్పుతూ బ్లీడ్ చేశాం, అంటే లైన్‌లో ఉన్న గాలిని ఆయిల్‌తో పాటు బయటికి వదిలాం. ఒక్క బుడగ రాలేదు. అయినా గాలి ఉంటే నేరుగా వెళ్ళేటప్పుడూ పెడల్ మెత్తగా ఉండాలి కదా.

వెనక డ్రమ్ములేమో అని పిట్ దారిలో హ్యాండ్‌బ్రేక్ రెండు పళ్ళు లాగి పెడల్ చూశాను. ఏ మార్పూ లేదు. వెనకవి కావు.

ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఒకటే. మలుపులో ఏదో కదలడంతో డిస్క్ వాలి, ప్యాడ్లను వెనక్కి నెడుతోంది, ప్యాడ్‌ను నొక్కే క్యాలిపర్ పిస్టన్ లోపలికి జరుగుతోంది. మొదటి తొక్కు ఆ సందు నింపడానికే సరిపోతోంది. ఇంతవరకు సులభమే. ఏది కదులుతోందో కనుక్కోవడానికే తల ప్రాణం తోకకొచ్చింది.

ముందు కొలవాలనుకున్నాను. పెడల్ పక్కన స్టీల్ స్కేలు కట్టి, కాళ్ళ దగ్గర చిన్న కెమెరా పెట్టాను. ఆ వీడియోలో నేరుగా వెళ్ళేటప్పుడు పెడల్ 42 మి.మీ. దిగింది. సీ1 తర్వాత 71. వెంటనే రెండో తొక్కు 44. అంటే 29 మి.మీ. దండగ.

దీన్ని పిస్టన్ దాకా లెక్క కట్టాను. పెడల్ నిష్పత్తి 4 (పెడల్ నాలుగు మి.మీ. దిగితే లోపల ఒకటి కదులుతుంది), పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 22 మి.మీ. అనుకుంటే మాస్టర్ పిస్టన్ అదనంగా 7.25 మి.మీ. కదిలింది. వైశాల్యం 380 చదరపు మి.మీ., కాబట్టి అదనంగా వెళ్ళిన ఆయిల్ సుమారు 2,750 ఘన మి.మీ. ముందు క్యాలిపర్ పిస్టన్ వ్యాసం 54 మి.మీ., దాని వైశాల్యం 2,290. భాగిస్తే 1.2 మి.మీ. రెండు ముందు చక్రాల పిస్టన్లు కలిపి 1.2 మి.మీ. వెనక్కి పోతున్నాయన్నమాట. రెండు వైపులా సమానంగా పంచినా ఒక్కోటి 0.6. ప్యాడ్ల ప్రపంచంలో ఇది చిన్న దూరం కాదు.

హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) బేరింగ్ మీద అనుమానం వచ్చింది. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే చేతికి ఏమీ తెలియలేదు. మా మెకానిక్ అన్న కూడా ఊపి చూసి, "బేరింగ్ బాగుందప్పా, రోడ్డు మీద సప్పుడు రాలేదు గదా" అన్నాడు. సప్పుడు రాకపోవడం నాకు చాలదు. మి.మీ.లో వందో వంతు కదలికనూ ముల్లుతో చూపే డయల్ గేజ్ పెట్టాం. ఇక్కడొక మెలిక ఉంది. ఈ కారులో డిస్క్‌ను ఒకే ఒక చిన్న స్క్రూ పట్టుకుని ఉంటుంది. చక్రం తీసేసి ఆ స్క్రూ ఒక్కదానితో కొలిస్తే డిస్క్ వాలి తప్పుడు అంకె వస్తుంది. చక్రపు బోల్టులనే వాషర్లు వేసి అయిదూ బిగించి కొలవాలి. అలా కొలిస్తే డిస్క్ అంచున వంకర ఎడమ వైపు 0.04 మి.మీ., కుడి వైపు 0.11. హబ్ ముఖం మీద తుప్పు గీకి డిస్క్‌ను చుట్టూ తిప్పి వేసి చూశాను, కుడి వైపు 0.09కు దిగి ఆగింది. తర్వాత హబ్‌కు రెంచీ కమ్మీ వేసి మోపుతూ కొలిస్తే ఎడమ వైపు ముల్లు దాదాపు కదలలేదు, కుడి వైపు 0.08 ఊగింది. మంచి బేరింగ్ అలా ఊగకూడదు.

కుడి బేరింగ్ మార్చాం. ప్రెస్ చేసే బేరింగ్ ఇది. ఏబీఎస్ మాగ్నెట్ రింగు ఉన్న వైపు లోపలికి రావాలి. తిప్పి కొట్టేస్తే డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్ళీ బేరింగ్ కొనాలి. కొత్త బేరింగ్‌తో వంకర 0.03.

పని అయిపోయిందని పండగ చేసుకోవచ్చా? లెక్క అడ్డొస్తోంది. 0.08 ఊగుడుతో 1.2 రాదు. మలుపులో లోడు ఎక్కువ, ఊగుడూ ఎక్కువ అవుతుంది, అది ఒప్పుకుంటాను. పదింతలు దాటుతుందంటే మాత్రం నమ్మను.

పరీక్షకు ఒక చోటు దొరికింది. హైవే మీద ఇలాంటివి చేయడం నాకు ఇష్టం లేదు. ఎన్‌హెచ్ 44 మీద గొర్రెల మంద ఎప్పుడు అడ్డం వస్తుందో చెప్పలేం. కళ్యాణదుర్గం రోడ్డు వైపు తెలిసినవాళ్ళ ప్లాట్ల వెంచర్ ఒకటుంది. తారు రోడ్లు వేసి వదిలేశారు, ఇళ్ళు లేవు, గేటు వేసుకోవచ్చు. అడిగి తీసుకుని ప్లాస్టిక్ కోన్లు పెట్టి 45 కిలోమీటర్ల వేగంతో అటూ ఇటూ తిప్పి బ్రేక్ తొక్కాను. బేరింగ్ మార్చకముందు పాత దానితో అలా తిప్పాక పెడల్ 55 మి.మీ. చూపించింది, కొత్త దానితో 51. మామూలు 42. అంటే బేరింగ్ దొంగే, కానీ దానికి తోడుదొంగ ఇంకోటి ఉంది.

తోడుదొంగ క్యాలిపర్ రబ్బరు బుష్‌లని నా అంచనా. ఈ క్యాలిపర్ జారే రకం. రెండు గైడ్ పిన్నుల మీద, రబ్బరు బుష్‌లలో జారుతుంది. రోడ్డు మీద రబ్బరే మేలు, సప్పుడు రాదు. వేడికి ఆ రబ్బరు ఉబ్బి పిన్నును పట్టేసింది. బ్రేక్ తొక్కినప్పుడు క్యాలిపర్ జారకుండా రబ్బరే సాగుతోంది, వదలగానే పాత చోటికి లాగుతోంది. ఆ లాగుడుకు డిస్క్ పిస్టన్‌ను లోపలికి తోస్తోంది. మలుపులో డిస్క్ వాలినప్పుడు క్యాలిపర్ దానితో పాటు జారి సర్దుకోవాలి, అదీ జరగడం లేదు. రుజువు ప్యాడ్లలో కనిపించింది. కుడి వైపు లోపలి ప్యాడ్ ఒక అంచున 8.1, ఇంకో అంచున 7.2 మి.మీ. బయటి ప్యాడ్ 8.6, 8.4. సరిగా జారే క్యాలిపర్‌లో ప్యాడ్ ఇంత ఏటవాలుగా అరగదు. ఎడమ వైపు తేడా 0.3 లోపే.

దీనికి విదేశాల్లో ఇత్తడి బుష్‌ల కిట్లు అమ్ముతారు. తెప్పించుకుంటే సుంకంతో కలిపి చేదెక్కుతుంది. అంత అవసరం ఏముంది? బోరు మోటార్లకు గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్‌లు తిప్పని రోజు ఉండదు మన ఊరి లేత్ షాపుల్లో. రబ్బరు బుష్ తీసి, బయటి కొలత, పిన్ను కొలత ఇచ్చి, సందు 0.05 మి.మీ. ఉంచమన్నాను. లేత్ అన్న చూసి, "ఇది ఏ హెచ్‌పీ మోటార్‌ది?" అని అడిగాడు. సాయంత్రానికి నాలుగూ చేతిలో పెట్టాడు. పిన్ను తన బరువుకు తానే నెమ్మదిగా జారుతోంది, ఊగడం లేదు. సిలికాన్ గ్రీజు పూసి, కొనలకు రబ్బరు టోపీలు వదలకుండా వేశాను. మన ఎర్రమట్టి దుమ్ము లోపలికి పోతే గన్‌మెటల్ పనీ అంతే. గుంతల రోడ్డులో చిన్నగా టకటక వస్తోంది, అది ముందే తెలిసిన లోపం.

బుష్‌లు వేశాక వెంచర్‌లో అదే కోన్లు, అదే వేగం. 46 మి.మీ. ఇంకో నాలుగు మి.మీ. ఎక్కడ పోతోందో అర్థం కావడం లేదు. ఎడమ బేరింగ్ బాగున్నా పాతదే, అది కావచ్చు. ఏటవాలు అరిగిన ప్యాడ్లనే తిరిగి వేశాను కాబట్టి అవీ కావచ్చు. 45 వేగంలో తగ్గింది కదా అని సీ1 వేగంలో తగ్గుతుందని ఇప్పుడే చెప్పను.

ప్యాడ్లు ఎలాగూ మార్చాలి. ఇప్పుడున్న బ్రాండు పేరు చెప్పను కానీ చల్లగా ఉంటే కరవదు, వేడెక్కితే దుమ్ము. ఫెరోడో డీఎస్2500 దొరికితే అవే. రోడ్డు మీదా ట్రాక్ మీదా నడిచే కారుకు అంతకన్నా ఎగబాకాల్సిన పని లేదు. రంధ్రాలు కొట్టిన డిస్క్‌ల జోలికి మాత్రం పోను. చూడ్డానికి బాగుంటాయి, ఆ రంధ్రాల అంచున పగుళ్ళు మొదలవుతాయి. మామూలు డిస్క్‌లే, ఇప్పుడు 21.2 మి.మీ. ఉన్నాయి. కొత్తవి 22, కనీసం 19. ఇంకా ఆయుష్షుంది.

ఇంజిన్ రీమ్యాప్ (కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించమని స్నేహితులు వెంటపడుతున్నారు. ఆగే కారు కాకముందు పరుగెత్తే కారు ఎందుకు? దాని బదులు ముందు చక్రాలకు క్యాంబర్ (చక్రం పైభాగపు వాలు) మార్చే బోల్టులు వేయించాలి. ఇప్పుడు రెండు వైపులా మైనస్ 0.6 డిగ్రీల దగ్గర ఉంది, టైరు బయటి అంచు తినేస్తోంది. మైనస్ 1.8 వస్తే చాలు.

తర్వాతి ట్రాక్ డే కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో చూస్తున్నాను. 2.1 కిలోమీటర్ల చిన్న ట్రాక్, మలుపు మీద మలుపు. సీ1 అంత వేగం ఉండదు కానీ పెడల్‌ను పదేపదే పరీక్షించడానికి అదే మంచిది. స్కేలు, కెమెరా విప్పలేదు. వెళ్ళే ముందు ఎడమ బేరింగ్ కూడా కొనేస్తున్నా, మెకానిక్ అన్న అది బాగుందన్నా సరే.