ఎర్ర మందు, పక్క కుర్చీ

కుడి రొమ్ములోని గడ్డ క్యాన్సరేనని బయాప్సీ రిపోర్టు వచ్చిన వారంలోపే నాకు ధైర్యం చెప్పడానికి వచ్చినవారిలో చాలామంది యువరాజ్ సింగ్ పేరే ఎత్తారు. కీమో పూర్తిచేసుకున్న ఆయన 2012 సెప్టెంబరులో మన విశాఖపట్నంలోనే మళ్లీ మైదానంలోకి దిగవలసి ఉండగా, వానకు ఒక్క బంతి కూడా పడకుండా మ్యాచ్ రద్దయి, చివరికి చెన్నైలో ఆడాడని మా తమ్ముడు వివరంగా చెప్పాడు. వినడానికి బాగానే ఉండేది. వాళ్లు లేచి వెళ్లాక మాత్రం బడికి ఎన్నాళ్లు సెలవు పెట్టాలో, నోరు పూస్తే ఏం తినాలో తెలియక కూర్చునేదాన్ని.

ముందు 21 రోజులకొకటి చొప్పున 4 కీమోలు, తరువాత వారానికొకటి చొప్పున పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు 12 సార్లు, ఆపైన ఆపరేషన్, రేడియేషన్ అని డాక్టరుగారు కాగితం మీద రాసి ఇచ్చారు. మొదటి నాలుగింటిలో ఉండే డాక్సోరూబిసిన్ గుండెను దెబ్బతీసే అవకాశం ఉన్నందున ముందే ఎకో అనే గుండె స్కాన్ తీయించారు. వార్డులో ఆ మందును ఎవరూ పేరుతో పిలవరు. అందరికీ అది ఎర్ర మందే.

నర్సు ఆ ఎర్రటి సిరంజి పట్టుకుని రాగానే నేను ముఖం తిప్పుకున్నాను. పక్క కుర్చీలో పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. ఆమెకు అది నాలుగోది. "టీచరమ్మా, రేపటిదాక మూత్రం ఎర్రగ వస్తది. రక్తమనుకోకు. నాకెవ్వరు చెప్పలేదు, మొదటిసారి రాత్రంత ఏడ్చిన" అంది. స్టీలు చెంచాతో తింటే నోరంతా ఇనుము నమిలినట్టు ఉంటుందని, చేత్తోనే తినమని కూడా ఆవిడే చెప్పింది. అన్నట్టే సాయంత్రానికి ఎర్రగా వచ్చింది, నేను భయపడలేదు.

పదహారో రోజున దువ్వెనతోపాటు జుట్టు పాయ మొత్తం ఊడివచ్చింది. మిగిలింది నేనే తీయించేసుకున్నాను. ఎవరైనా అడిగితే తిరుపతి వెళ్లివచ్చామని చెప్పమని మా అత్తగారి సలహా. మన దగ్గర గుండుకు ఆ వెసులుబాటు ఉండడం నిజంగా అదృష్టమే. అయితే నాకు ఆ అబద్ధం నోట రాలేదు. 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావుగారు పత్రికలవారిని పిలిచి తనకు క్యాన్సర్ అని తానే చెప్పడం గుర్తుకు వచ్చింది. మూడు నెలలకే, 2014 జనవరిలో, ఆయన కన్నుమూశారు. గెలిచిన కథ కాదు కాబట్టే కాబోలు, ధైర్యం చెప్పడానికి వచ్చినవాళ్లెవరూ ఆయన పేరు ఎత్తలేదు. మా అమ్మ తరంలో ఆ జబ్బు పేరు పలకడానికే జంకేవారు. నేను తొమ్మిదో తరగతి పిల్లలకు చున్నీ తీసి చూపించి, ఉన్న సంగతి చెప్పాను. ఒక పిల్ల లేచి, "మళ్లీ వస్తుందా టీచర్, జుట్టు?" అని మాత్రం అడిగింది.

మూడో కీమోకు తెల్లకణాల కౌంటు పడిపోయి వారం వాయిదా వేశారు. ఆ రోజు, "మిమ్మల్ని చూస్తే మాకే ధైర్యం వస్తుంది మేడమ్" అని సహోద్యోగి ఒకరు ఫోన్ చేస్తే, మంచం మీద నుంచి లేవలేని స్థితిలోనూ నవ్వుతూ మాట్లాడవలసి వచ్చింది. అందుకే పాలమూరు ఆవిడకు ఫోన్ చేశాను. ఊళ్లో వాళ్లు కరెంటు పెట్టడం అనే రేడియేషన్‌లో ఉందప్పుడు. "నాకు రెండుసార్లు ఆపిన్రు. అన్నం పళ్లెం ఇసిరికొట్టిన" అంది. ఆ మాటకు నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

పాక్లిటాక్సెల్ పూర్తయ్యేసరికి వేళ్ల కొసలు మొద్దుబారి, సంక్రాంతికి ముగ్గు వేయబోతే పిండి ఎక్కడ జారుతోందో తెలియలేదు. గోళ్లు నల్లబడ్డాయి. ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా రోజూ రాత్రి టామోక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను. చెకప్ ముందు రోజు నిద్ర పట్టదు, ఆవిడకూ పట్టదట. మొన్న ఫోన్ చేసి, "గోర్లు తెల్లగ వచ్చినయా?" అని అడిగింది. బొటనవేలిది ఇంకా సగమే వచ్చిందన్నాను.